కత్తెర పడని ఫోను

అబద్ధాల్లో ఎన్ని రకాలున్నాయో తెలుసుకోవడానికి పెద్ద చదువులేం అక్కర్లేదు. ఉప్పుగూడలో ఒక రవిక కుట్టడానికి ఇస్తే చాలు. మా వీధి బాబూమియా చాచాకే ఇస్తే మరీ మంచిది. ముందు "రేపు" అంటాడు. రేపు వెళితే "హుక్కులు, కాజాలే మిగిలినయ్ బిడ్డా" అంటాడు. మళ్లీ వెళితే "మ్యాచింగ్ లైనింగ్ దొరుకుతలేదు, చార్మినార్ దిక్కు మనిషిని పంపిన" అంటాడు. అప్పటికీ వదలకపోతే "నీ బట్ట గదా అని మిషన్ మీద పెట్టలే, చేత్తోటి చేస్తున్న" అంటాడు. దాంతో మనకే సిగ్గేసి ఇంటికొచ్చేస్తాం. నిజానికి ఆ బట్ట మనం ఇచ్చిన మడత మీదే అల్మారా పైన హాయిగా పడుకుని ఉంటుంది. దానికి కత్తెరే పడి ఉండదు.

అయినా అందరం ఆయన దగ్గరికే పోతాం. ఎందుకంటే ఆయన కుట్టాక వంక పెట్టడానికి ఏమీ మిగలదు.

ఈ జబ్బుకి మా దగ్గర ఒక మందు ఉంది. కూర్చోవడం. పండగ దగ్గర పడగానే ఆడవాళ్లు దర్జీ దుకాణంలో స్టూలు లాక్కుని కూర్చుంటారు. లొల్లి చేయరు, తిట్టరు, ఊరికే కూర్చుంటారు. అలా కూర్చున్న మనిషికి దర్జీ చాయ్ పోయించాలి. ఆమె కళ్లెదుట ఇంకొకరి బట్ట ముట్టుకోకూడదు. ఇంక ఏం చేస్తాడు, ఆమె బట్టే మిషన్ ఎక్కిస్తాడు. రంజాన్‌కీ ఇదే పద్ధతి, బోనాలకీ ఇదే పద్ధతి.

నా పేరు రూప. చాచా దుకాణానికి సరిగ్గా ఎదురుగా ఉన్న హమ్మాద్ భాయ్ మొబైల్ షాపులో పని చేస్తాను. ఫోన్లు అమ్మడం, రీచార్జి చేయడం, కంపెనీ వాళ్లు పంపే కబుర్లు కస్టమర్లకి చదివి వినిపించడం, ఆ పైన కస్టమర్ల తిట్లు వినడం నా ఉద్యోగం.

చాచా దుకాణాన్ని అసలు నడిపింది చాచా కాదు, ఆయన భార్య మజీదా చాచీ. కొలతలు తీసేది ఆమే. మెడ ఎంత లోతు, చెయ్యి ఎంత పొడుగు అని ఆడవాళ్లతో తేల్చేది ఆమే. బేరం దగ్గర ఏడిపించేది, ఆ తరువాత నవ్వించి పంపేది కూడా ఆమే. పెళ్లిళ్ల సీజన్లో ఆమె మాటలు వినడానికే కొందరు కుట్టించుకునేవారేమో అని నాకు అనుమానం.

అలాంటి చాచీకి వినికిడి తగ్గుతూ తగ్గుతూ పూర్తిగా పోయినంత పనైంది. చెవికి మిషన్ తెచ్చారు. అది పెట్టుకుంటే కుక్కర్ విజిల్ బుర్రలోనే మోగుతోందని, వీధిలో ఆటోలన్నీ తన చెవిలోంచే పోతున్నాయని తీసి డబ్బాలో పడేసింది. ఒక పెళ్లికూతురు చెప్పింది ఒకటైతే ఈమెకి అర్థమైంది ఇంకొకటి. ఆ పెళ్లివాళ్లు దుకాణం ముందు నిలబడి నానా మాటలూ అన్నారు. మాటలు వినబడకపోయినా వాళ్ల మొహాలు కనబడ్డాయి కదా. మర్నాటి నుంచి చాచీ దుకాణానికి రావడం మానేసింది. తన గొంతు ఎంత పెద్దగా వస్తోందో తనకే తెలియడం లేదని ఇంట్లో మాట్లాడటం కూడా మానేసింది. పోనీ పెదాలు చూసి పోల్చుకుందామంటే చాచా నోట్లో ఎప్పుడూ గుండుసూదులే.

అప్పుడు వచ్చింది ఝలక్ కంపెనీ వాళ్ల ప్రకటన. కొత్త ఫోను తెస్తున్నారట. ఎదుటి మనిషి మాట్లాడుతుంటే ఆ మాటలు అప్పటికప్పుడు తెర మీద పెద్ద పెద్ద తెలుగు అక్షరాలై పడతాయట. సగం తెలుగు, సగం ఉర్దూ కలిపి గల్లీ భాషలో మాట్లాడినా సరే పట్టేస్తుందట. మజీదా చాచీ సర్కారు బడిలో తెలుగు మీడియం చదువుకున్న మనిషి. ఆ ప్రకటన చూసి చాచా టేపు మెడలో వేలాడుతుండగానే రోడ్డు దాటి పరిగెత్తుకొచ్చాడు.

"బిడ్డా, గిది మజీదా చేతుల పెడితే మళ్ల దుకాన్ల కూసుంటదా?"

"కూసుంటది చాచా. పక్కా" అన్నాను. ఆ మాట అన్నది నేనే. మా షాపులో మొదటి బుకింగ్ చాచాదే.

ఎండాకాలంలో వస్తుందన్న ఫోను ఎండాకాలం పోయినా రాలేదు. దాని బదులు మెసేజ్ వచ్చింది. చాచాకి చదివి వినిపించాను. "చివరి దశ నాణ్యతా పరీక్షలు జరుగుతున్నాయి. మీ సహనానికి ధన్యవాదాలు."

చాచా నోట్లోని సూదులు తీసి అరచేతిలో పెట్టుకుని మరీ నవ్వాడు. "హుక్కులు, కాజాలే మిగిలినయంట!"

రెండో మెసేజ్ వచ్చింది. "కొన్ని విడిభాగాల సరఫరాలో అంతరాయం ఏర్పడినందున..."

"మ్యాచింగ్ లైనింగ్ దొరకలే" అన్నాడు చాచా, నన్ను పూర్తిగా చదవనివ్వకుండానే. "బిడ్డా, నా మాట రాసుకో. గా ఫోనుకు ఇంక కత్తెర పడలే."

నాకు ఒళ్లు మండింది. కంపెనీ నా మేనమామదేం కాదు గానీ, రోజంతా వాళ్ల తరఫున మాట్లాడీ మాట్లాడీ నాకు కొంచెం పౌరుషం పట్టుకుంది. "ఫోనంటే రవికెనా చాచా? ఎంతమంది ఇంజనీర్లు పని చేస్తరు, ఎన్ని టెస్టింగులు ఉంటయ్!"

"ఎంతమందైతే ఏంది? లేటైనోని మాట యాడైనా ఒక్కతీర్గనే ఉంటది."

పాము కాళ్లు పాముకే ఎరుక అన్నారు.

మూడో మెసేజ్ ఆషాఢం మొదట్లో వచ్చింది. "మీకు అత్యుత్తమ అనుభవం అందించాలనే తపనతో విడుదలను మరికొంత కాలం వాయిదా వేస్తున్నాము." చదివి, ఈసారి నేనే ముందుగా అందుకున్నాను. "నీ బట్ట గదా అని చేత్తోటి చేస్తున్రంట చాచా."

ఆయన నవ్వలేదు. కౌంటర్ అద్దం మీద వేలితో ఏదో కొలుస్తున్నట్టు అటూ ఇటూ గీస్తూ నిలబడ్డాడు. "గోడ దిక్కు మొఖం పెట్టి కూసుంటది బిడ్డా. పొద్దాక. నేను పొయ్యి ముంగట నిలబడితే గూడ తల లేపదు" అన్నాడు. నేను ఫోను బోర్లించి పెట్టాను. పక్కా అని చెప్పిన నోరు నాదే కదా.

ఆయనే టేపు సర్దుకుని అన్నాడు. "ఇగ గిట్ల కాదు. కూసుంటం."

"యాడ?"

"ఈడనే. మీ దుకాన్ల."

"చాచా, ఫోను మా వెనుక రూంల తయారైతదా? కూసుంటే వస్తదా?"

"యాడ తయారైతదో నాకెందుకు? ఆర్డర్ తీస్కున్న దుకాన్ల కూసుంటరు. అది రివాజు."

మర్నాడు పొద్దున షట్టరు ఎత్తుతుంటే చాచీని వెంటబెట్టుకుని వచ్చాడు. మగవాడు కూర్చుంటే గంటలో లేస్తాడని, ఆడమనిషి కూర్చుంటేనే పని అవుతుందని ఆయన అనుభవం. ఆమెని కౌంటర్ ముందు కుర్చీలో కూర్చోబెట్టి, "లేవకు" అని చేత్తో సైగ చేసి, తన దుకాణానికి వెళ్లిపోయాడు. ఎవరి బట్ట కుట్టాలో వాళ్లది కుట్టకుండా ఉండటానికి.

హమ్మాద్ భాయ్ వచ్చి చూసి తల పట్టుకున్నాడు. "యే క్యా రూపా? షాపా, దవాఖానానా?" అన్నాడు. విషయం చెప్పాను. కూర్చున్న మనిషిని లేవమనడం మా వైపు మర్యాద కాదు. పైగా ఆయన పెళ్లి షేర్వాణీ కుట్టించడానికి ఆయన తల్లి ఎన్ని రోజులు చాచా దుకాణంలో కూర్చుందో ఆయనకి గుర్తే. గొణుక్కుంటూనే ఇరానీ చాయ్ తెప్పించాడు.

మొదట్లో చాచీ ఫోన్ కవర్ల వైపు తిరిగి కూర్చుంది. ఇంట్లో గోడ, ఇక్కడ కవర్లు, అంతే తేడా. కానీ షాపన్నాక జనం వస్తారు, పోతారు. చూడొద్దన్నా కళ్లు పోతాయి. మెల్లగా ఆమె కుర్చీ ఇటు తిరిగింది. ఎవరు అరువు అడుగుతున్నారో, ఎవరు ఫోను నీళ్లలో పడేసి పడలేదంటున్నారో, వింటున్న నాకంటే చూస్తున్న ఆమెకే ముందు తెలిసేది. పెదవి విరిచి నా వైపు చూసేది. మాట మాత్రం లేదు.

అలా ఉండగా పూలమ్మే బుచ్చమ్మ రీచార్జికి వచ్చింది. ఆమె సంచిలో బోనాలకి కుట్టించుకోవాల్సిన రవిక గుడ్డ ఉంది. చాచీని చూడగానే పాత అలవాటుకొద్దీ నోరు తెరిచి, చెవుల సంగతి గుర్తొచ్చి ఆగింది. ఆగి, చెయ్యి పైకెత్తి, మోచేతి పైన వేలు పెట్టి ఇక్కడిదాకా అన్నట్టు చూపించింది. తరువాత వెనక్కి తిరిగి వీపు మీద వేలితో అరచందమామ గీసుకుంది.

చాచీ చూసింది. లేచింది. బుచ్చమ్మ భుజం పట్టుకుని ఇటు తిప్పి, అటు తిప్పి, ఒక జాన, ఇంకో జాన వేసి కొలిచింది. కొలిచి, రోడ్డు మీద పోయేవాళ్లు కూడా ఆగేంత గొంతుతో అంది. "బుచ్చమ్మా, నువ్వు మస్తు లావైనవ్!"

షాపంతా గొల్లుమంది. అందరికంటే ముందు నవ్వింది బుచ్చమ్మే. "గా మాట ఇనక ఎన్ని దినాలైంది తల్లీ!" అని చాచీని కావలించుకుంది. ఎదుటి దుకాణం నుంచి చాచా నోట్లో సూదులతోనే పరిగెత్తుకొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఏమైందని అడగలేడు, నోరు తెరిస్తే సూదులు రాలతాయి. నిలబడి చూశాడంతే. నేను కూడా ఆనందం పట్టలేక ఎవరికో రెండుసార్లు రీచార్జి చేసేశాను.

ఇంక చూడండి, మా షాపు చాచీ దర్బారైంది. బోనాల బట్టలున్న ఆడవాళ్లంతా వచ్చి ఆమె పక్కన కూర్చోవడం మొదలుపెట్టారు. చేతులతో చూపించడం, ఆమె తల అడ్డంగా ఊపడం, ఒకటే నవ్వులు. ఊరికే కూర్చోలేక తలా ఒక ఫోన్ కవర్ కొనేవారు. అందుకని హమ్మాద్ భాయ్ కూడా నోరెత్తలేదు, చాయ్ మాత్రం అర కప్పులకి దించాడు.

ఇదంతా తెలియని ఝలక్ కంపెనీ ఏరియా మేనేజర్ డానియేలు సార్ ఒక మధ్యాహ్నం బండి మీద వచ్చి దిగాడు. చంకలో కొత్త పోస్టర్ చుట్ట. పాత పోస్టర్లో "త్వరలో" అని ఉండేది. ఇందులో "అతి త్వరలో" అని ఉంది. అక్షరాలు కూడా పెరిగాయి.

"ఈమె మీ ఫోను కోసమే కూసున్నది సార్" అన్నాడు హమ్మాద్ భాయ్, ఇన్నాళ్ల చాయ్ ఖర్చు గొంతులో వినిపించేలా.

డానియేలు సార్ మంచివాడే. కుర్చీ లాక్కుని చాచీ ఎదురుగా కూర్చున్నాడు. అందంగా నవ్వుతూ మొదలుపెట్టాడు. చిప్పుల కొరత గురించి చెప్పాడు. సముద్రంలో ఆగిపోయిన ఓడల గురించి చెప్పాడు. తెలుగు భాష మీద కంపెనీకి ఉన్న గౌరవం గురించి, ఆ గౌరవం వల్లే జరుగుతున్న ఆలస్యం గురించి చెప్పాడు. ఆమెకి వినబడదని మాలో ఎవరమూ చెప్పలేదు. నేను చెప్పబోతే బుచ్చమ్మ నా చెయ్యి గిల్లింది. చాచీ రెప్ప వేయకుండా ఆయన మొహమే చూస్తోంది. ఇంత శ్రద్ధగా వినే కస్టమర్ ఆయనకి ఉద్యోగంలో చేరాక దొరికి ఉండదు. ఉత్సాహంగా ఇంకాసేపు చెప్పి, "అర్థమైందా అమ్మా?" అని ముగించాడు.

చాచీ నా వైపు తిరిగింది. "కత్తెర పడలే" అంది.

బుచ్చమ్మ నవ్వాపుకోలేక కౌంటర్ పట్టుకుని కూలబడింది. హమ్మాద్ భాయ్ ఫోన్ కవర్ల చాటుకి పోయి నవ్వాడు. బిత్తరపోయిన డానియేలు సార్‌కి నేను మొత్తం చెప్పాను, దర్జీల సంగతి, చాచీ చెవుల సంగతి, మెసేజ్‌ల సంగతి. వింటూ వింటూ ఆయన కూడా నవ్వేశాడు. నవ్వి, టై వదులు చేసుకున్నాడు. అంతవరకూ మాట్లాడిన పుస్తకాల తెలుగు కూడా దాంతోపాటే వదులైంది.

"నిజం చెప్తున్న చెల్లె. ఎప్పుడొస్తదో నాకు గూడ తెల్వదు. పైనుంచి మెయిల్ వస్తది, నేను నవ్వుకుంట చెప్త. వార్తలు చదివెటోళ్లు మాట్లాడితే ఫోను రాస్తదంట. మనం గిట్ల మాట్లాడితే తెర మీద చక్రం గుండ్రంగ తిరుగుకుంటనే ఉంటదంట. గంతే." ఆ తరువాత చాచీ వైపు తిరిగి, తన మొహం చూపించుకుని, ఎలా తెలిసిందన్నట్టు చెయ్యి తిప్పాడు.

చాచీకి ఆ ప్రశ్న బాగానే అర్థమైంది. "కత్తెర పెట్టినోడు బట్ట దిక్కు చూస్తడు. పని మిగిలింది గదా, మొఖం మాడ్చుకుంటడు. పెట్టనోడు మన మొఖం దిక్కు చూస్కుంట నవ్వుతడు. నువ్వు వచ్చినకాంచి నవ్వుతనే ఉన్నవ్ సార్." మా నవ్వులు విని వచ్చి గుమ్మంలో నిలబడ్డ భర్తని గడ్డంతో చూపించింది. "గిట్ల నవ్వెటోన్తోని ముప్పయేండ్లు కాపురం చేసిన. నాకు తెల్వదా?"

డానియేలు సార్ చాచా బుకింగ్ తనే రద్దు చేసి, పోస్టర్ అంటించకుండా చుట్టుకుని లేచాడు. నిజం చెప్పి తేలికపడ్డాడేమో, పోతూ పోతూ బండికున్న సంచిలోంచి పొడవైన ప్యాంటు ఒకటి తీసి కురచ చేయమని చాచాకి ఇచ్చాడు. ఎప్పుడిస్తారని అడిగితే చాచా "రేపు" అన్నాడు. పాపం.

నవ్వులన్నీ అయిపోయి ఎవరిళ్లకి వాళ్లు పోయాక చాచా మొహం చూశాను. వాడిపోయి ఉంది. "ఇగ రాదన్నట్టే గదా బిడ్డా" అన్నాడు. ఫోను రాదు కాబట్టి కూర్చోవడానికి పని లేదు. పని లేదు కాబట్టి చాచీ కూడా లేచి, బుర్ఖా సర్దుకుని, ఇంటివైపు అడుగేసింది. రేపటి నుంచి మళ్లీ గోడే. ఇంతమందితో ఇంతసేపు మాట్లాడిన మనిషి మళ్లీ మూగదై ఇంటికి పోతుంటే, కుర్చీ ఖాళీ అయిందని హమ్మాద్ భాయ్ దాన్ని మడిచి లోపల పెడుతున్నాడు. ఈ మగవాళ్లకి కళ్లెందుకిచ్చాడో దేవుడు!

ఏం చేయాలో తోచక చాచీ చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించి చాచా దుకాణం ముందు నిలబెట్టాను. నిలబెట్టి, ఆయన్ని నిలదీశాను. "చాచా, ఆదివారమే బోనాలు. మొదటిసారి బోనం ఎత్తుకుంటున్న. నా రవికె ఏది?"

అది నిజంగానే అడగాల్సిన మాట. ఆషాఢం రాకముందు ఇచ్చిన గుడ్డ.

చాచా వాడిన మొహం మీదికి అలవాటైన నవ్వు దానంతట అదే వచ్చి కూర్చుంది. నా కళ్లలోకే చూస్తూ, "అయిపోయింది బిడ్డా! హుక్కులు, కాజాలే..." అన్నాడు.

చాచీ ఆయన మొహం చూసింది.

"కత్తెర పడలే!" అని వీధి దద్దరిల్లేలా అరిచి, చెప్పులు విడిచి లోపలికి పోయింది. స్టూలెక్కి అల్మారా పైనుంచి మూటలు దింపింది. నా గుడ్డ నేనిచ్చిన మడత మీదే ఉంది, దాన్ని బల్ల మీద దులిపి పరిచింది. ఆదివారం బోనం తలకెత్తుకున్నాక వెనక మెడ ఎలా ఉందో చూసుకోవడం కుదరదు కాబట్టి దాని లోతు ఇప్పుడే తేల్చుకోవాలంది. బల్ల మూల నుంచి గుర్తులు పెట్టే చాక్ ముక్క తీసి నా చేతిలో పెట్టింది.

"గీయి. ఎంత లోతు?"

గీశాను. ఆమె చూసి, బొటనవేలితో తుడిచేసి, కొంచెం పైకి గీసింది. "గంత లోతు పెడితే మీ బాపు వచ్చి నన్ను తిడ్తడు" అంది. నేను ఆ చాక్‌తోనే బల్ల మీద "తిట్టడు" అని రాశాను. ఆమె చదివి, పకపకా నవ్వి, నా గీతకీ తన గీతకీ మధ్యలో మూడో గీత గీసింది.

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఆ చాక్ ముక్క ఆ బల్ల మీద ఎప్పటి నుంచో ఉంది. మేమంతా కూర్చుని ఫోను కోసం ఎదురుచూశాం.

చాచా నోట్లోంచి సూదులు తీసి ఒక్కొక్కటే చిన్న సూదుల దిండుకి గుచ్చుతూ మమ్మల్నే చూస్తున్నాడు. అబద్ధం దొరికిపోయినందుకు అంత సంతోషపడ్డ మనిషిని నేను ఇంతవరకూ చూడలేదు.

శనివారం రవిక వేసి చూసుకోవడానికి వెళితే దుకాణం నిండా ఆడవాళ్లున్నారు, బల్ల నిండా చాక్ గీతలున్నాయి. చాచీ నా భుజం దగ్గర కుట్టు సరిచేస్తుండగా నా ఫోను మోగింది. ఝలక్ కంపెనీ మెసేజ్. బుకింగ్ రద్దయిన సంగతి వాళ్లకింకా అందినట్టు లేదు. "మీ నిరీక్షణ ఫలించే రోజు అతి త్వరలో!" అని ఉంది. చాచీ ముందు పెట్టాను. ఆమె నోటిలోని దారం తీసి నిదానంగా చదివింది.

"నవ్వుకుంట చెప్పిండా?" అని అడిగింది.

నేను తల ఊపాను.

"సరే, చెయ్యి లేపు" అంది. "చంక కింద జర బిగువున్నది."